ఎనిమిది వందల మీటర్లు, నా కొలత ప్రకారం

నా కొడుకు తన కూతురి పరుగుకు గడువు పెట్టింది 2012 ఆగస్టు 15, బుధవారం, సాయంత్రం ఆరున్నరకు. ఇది నేను గుర్తుపెట్టుకుని చెబుతున్న మాట కాదు, నోటుబుక్కులో చూసి రాస్తున్నాను.

నేను తొండుపల్లి దగ్గరి పాలకేంద్రంలో ఇరవై రెండేళ్ళు పాలు కొలిచి రాసినదాన్ని. ఎవరి బర్రె ఏ పూట ఎన్ని లీటర్లు ఇచ్చింది, వెన్న ఎంత వచ్చింది, అంతా నా చేతిరాతలోనే ఉండేది. విమానాశ్రయం వచ్చాక చేలు ప్లాట్లయ్యాయి, బర్రెలు తగ్గాయి, కేంద్రం మూతపడింది. కొలవడానికి ఏమీ లేకపోవడం ఎంత కష్టమో కొలిచినవాళ్ళకే తెలుస్తుంది. కొన్నాళ్ళు వీధి నల్లా ఏ రోజు ఎన్ని నిమిషాలు వచ్చిందో రాశాను. మరికొన్నాళ్ళు కోడలు అన్నం వార్చే సమయం రాశాను. ఒకరోజు ఆమె పుస్తకం చూసింది. ఆ లెక్క అక్కడితో ఆగిపోయింది.

అలాంటి సమయంలో మనవరాలు పరుగెత్తడం మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి, పదమూడేళ్ళు. ఆ ఆగస్టు పదిహేనున బడిలో జెండా ఎగరేశాక పందెం పెడితే, చెప్పులు విడిచి ఉరికి, తొమ్మిది మంది మగపిల్లల్ని వెనక్కి నెట్టి స్టీలు టిఫిను డబ్బా తెచ్చుకుంది. ఆటలు నేర్పే సారు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు.

"పెద్దమ్మా, ఈ పోరికి మస్తు దమ్మున్నది. డిసెంబర్ల జిల్లా పోటీలున్నయ్. ఎనిమిది వందల మీటర్లు రెండు నిమిషాల నలభై సెకండ్ల లోపట ఉరికితే క్రీడా హాస్టల్ సెలక్షన్లకు పిలుస్తరు. ఆడ చదువు, తిండి, కోచింగు అన్ని ఆళ్ళే చూసుకుంటరు."

నా కొడుకు ఎయిర్‌పోర్టులో రాత్రిపూట క్యాబ్ నడుపుతాడు. అప్పుడే నిద్ర లేచి చాయ్ తాగుతున్నాడు.

"పోరికి కుట్టుమిషన్ నేర్పిద్దామనుకుంటుంటే గీ ఉరుకుడేంది సార్? రేపు ఎవడన్న అడిగితే నా బిడ్డ ఏం చేస్తదని చెప్పాలె? ఉరుకుతదని చెప్పాల్నా?"

"ఉరుకుతదనే చెప్పన్నా. తప్పేమున్నది?"

నా కొడుకు తల గోక్కున్నాడు. సారు ముందు కాదనడం అతనికి చేతకాదు. చివరికి అన్నాడు, "సరే. డిసెంబర్ దాక చూస్త. రెండు నలభై లోపట వస్తే హాస్టల్‌కు పంపుత. రాకుంటే ఇగ ఆ ముచ్చట తియ్యొద్దు. సక్కగ మిషన్ క్లాసుకు పోవాలె."

ఆ మాట మాటగానే నోటుబుక్కులో దింపి, తేదీ, సమయం వేసి, పెన్ను అతని చేతిలో పెట్టాను.

"ఇంట్ల గూడ సంతకాలేందమ్మా?"

"మీ నాయన పోసిన పాలకు గూడ సంతకం తీసుకున్న. పెట్టు."

పెట్టాడు. మనవరాలు ఆ సంతకం వైపు ఎంతసేపు చూసిందో మాత్రం నేను కొలవలేదు.

ఇక ఉరకడానికి చోటు కావాలి. బడి మైదానం సగం కొత్త గదుల కోసం తెచ్చిన కంకరతో నిండిపోయి ఉంది. మా ఊరి పక్కనే ఒక ప్లాట్ల వెంచర్ ఉంది. రోడ్లు వేశారు, రాళ్ళు పాతారు, లైటు స్తంభాలు నిలబెట్టారు. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. మనిషి లేని ఊరికి ఒక వాచ్‌మన్ ఉండేవాడు. అరవై దాటినవాడు, మెడలో ఈల, కింద ప్లాస్టిక్ కుర్చీ.

"ఇది వెంచర్ అక్కా. ఈడ బర్రెలు, మేకలు, క్రికెట్ అన్ని బందు."

"ఉరుకుడు బందని రాసున్నదా తమ్మీ?"

అతను లేచి వెళ్ళి బోర్డు మొదటి నుంచి చివరిదాకా చదివి వచ్చాడు. "లేదక్కా."

"మరి?"

"మరి ఉరుకుండ్రి."

అంతే కాదు, వెంచర్ మ్యాపు కూడా ఒకటి తెచ్చి ఇచ్చాడు. నాకు అది చాలు. ఒకటి నుంచి నలభై దాకా ప్లాట్లున్న ముక్కను ఎంచుకున్నాను. పొడుగు వైపు పది ప్లాట్లు, అడ్డం వైపు నాలుగు. నడుమ నిలువుగా ఒక రోడ్డు, అడ్డంగా ఒక రోడ్డు. దాని చుట్టూ తిరిగితే ఒక చుట్టు. ప్లాటు ముందు భాగం నలభై అడుగులు, లోతు అరవై. పది నలభైలు నాలుగు వందలు. నాలుగు అరవైలు రెండు వందల నలభై. రెండూ కలిపి రెండింతలు చేస్తే పన్నెండు వందల ఎనభై. రెండు చుట్లకు రెండు వేల ఐదు వందల అరవై అడుగులు. ఎనిమిది వందల మీటర్లంటే రెండు వేల ఆరు వందల ఇరవై ఐదు అడుగులని సారు చెప్పాడు. ఇంకా అరవై ఐదు తక్కువ. కాబట్టి ఒకటో నంబరు రాయి దగ్గర ముగింపు గీత గీసి, దానికి అరవై ఐదు అడుగులు వెనక్కి మొదలు గీత గీయించాను. సారు ఆ లెక్క చూసి రెండు చేతులూ జోడించాడు.

"పెద్దమ్మా, మీరు బడికి వచ్చి లెక్కలు చెప్పాలె."

ఆ మాట కూడా రాసుకున్నాను.

మొదటి కొలత ఆగస్టు 20, సోమవారం, పొద్దున ఆరుంబావుకు. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. నా చేతిగడియారంలో సెకన్ల ముల్లు నమ్మకమైనదే, రేడియో వార్తలతో రోజూ సరిచూస్తాను. మనవరాలు గీత దాటి రాయి మీద కూలబడింది.

"ఎంతొచ్చింది నానమ్మా?"

"ముప్పై రెండు సెకండ్లు ఎక్కువ."

"అయ్యో. ఇన్నా?"

"నడుమ రెండు విమానాలను నిలబడి చూసినవ్. ఒక్కోదానికి మూడు సెకండ్లు. ఆరు అక్కడ్నే పోయినయ్."

మా మీదుగా విమానాలు దిగుతుంటాయి. మాకు వాటి ధ్యాసే ఉండదు. కానీ ఉరికేటప్పుడు ఆ పిల్లకు ఎక్కడలేని ఆసక్తీ పుట్టేది. నేను నోటుబుక్కులో 'విమానాలు' అని ఒక గడి పెట్టాను. సెప్టెంబరు నాటికి ఆ గడిలో సున్నాలు వచ్చాయి. సమయం మూడు నిమిషాలకు దిగింది.

అప్పటికి వీధి వీధంతా ఈ పనిలో దూరింది. మొదట్లో "ఆడపిల్లను ఉరికిస్తున్నవేందమ్మా" అన్నవాళ్ళే ఇప్పుడు ఎలా ఉరకాలో చెప్పసాగారు. అందరికంటే ముందు పక్కింటి ఆయమ్మ. శంషాబాదులో ఒక దవాఖానలో ఆయాగా పనిచేసేది, ఆదివారం చర్చి తప్పనిది, నన్ను పెద్దమ్మా అని పిలిచేది. తన కూతురికి చిన్నవైన గుడ్డ బూట్లు తెచ్చి ఇచ్చింది. అవి మా పిల్లకు పెద్దవి. ముందు వేళ్ళ దగ్గర దవాఖాన దూది కూరింది.

"దవాఖాన దూది పెద్దమ్మా. పుండు గూడ కాదు."

రోజూ పొద్దున వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. దేవుడికి పిల్ల పేరు, ఊరు, వెంచర్‌కు వచ్చే దారి కూడా చెప్పేది. ఒకసారి కొలిచాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. అది అయ్యేసరికి పిల్ల కాళ్ళు చల్లబడి బిగుసుకుపోయేవి.

"జర పొట్టిగ చెయ్యమ్మా. ప్రార్థన పరుగు కంటె పొడుగైతున్నది."

"దేవునికి గడియారం పెడుతవా పెద్దమ్మా?"

"దేవునికి కాదు, నీకు పెడుతున్న."

ఆమే ఒకరోజు బలం కోసం ఉరికే ముందు మూడు ఉడకబెట్టిన గుడ్లు తినిపించింది. నేను ఆ సంగతి తెలియక అరలీటరు రాగి జావ తాగించి ఉన్నాను. రెండో చుట్టులో ముప్పై ఒకటో ప్లాటు దగ్గర మొత్తం బయటికి వచ్చింది. అయినా ఆగకుండా ఉరికి గీత దాటింది. మూడు నిమిషాల పదహారు సెకన్లు. ఆ ప్లాటు కొన్నవాళ్ళెవరో వాళ్ళకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

అక్టోబరులో రెండు యాభై నాలుగు. తరువాత రెండు యాభై మూడు, రెండు యాభై రెండు. అక్కడే ఆగిపోయింది. దసరా పోయింది, దీపావళి పోయింది, ముల్లు మాత్రం కదలలేదు. ఇంకా పన్నెండు సెకన్లు దిగాలి.

తప్పు ఎక్కడుందో కనిపెట్టే పని అందరూ మీదేసుకున్నారు. కోడలు జడ బరువంది. ఆయమ్మ దూది మార్చింది. వాచ్‌మన్ మూడు రోజులు కుర్చీలో కూర్చుని చూసి నాలుగో రోజు లేచి వచ్చాడు.

"అక్కా, నాకు దొరికింది. పోరి ఉల్టా తిరుగుతున్నది."

"ఉల్టా ఏంది?"

"ఎడమ దిక్కు తిరుగుతున్నది. గుడి సుట్టు ఎటు తిరుగుతరు? కుడి దిక్కు. ఎడమకు తిరిగితే ఏం కలిసొస్తది?"

నిజానికి ఆ మాట నా మనసులో కూడా ఉంది. సారు ఎడమకే తిరగాలన్నాడని ఊరుకున్నాను గాని, అప్రదక్షిణం నాకు మొదటి రోజు నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఆయమ్మను అడిగితే "మాకు ఎటు తిరిగినా ఒకటే పెద్దమ్మా" అంది. వారం రోజులు కుడికి తిప్పాం. రెండు యాభై ఐదు వచ్చింది. ఏడో రోజు సారు వచ్చి చూసి గేటు దగ్గరే నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా! పోటీల అందరు ఎడమకు ఉరుకుతుంటే ఈ పోరి ఒక్కతే ఎదురుంగ వస్తదా?"

మళ్ళీ ఎడమకు తిప్పాం.

నవంబరు 23, శుక్రవారం. రెండు నిమిషాల యాభై ఒక సెకను. ఒక సెకను తగ్గింది కదా అని పిల్ల నవ్వుతూ వచ్చింది. నాకు కోపం వచ్చింది. గీత దాటాక నవ్వే దమ్ము మిగిలిందంటే పూర్తిగా ఉరకలేదన్నమాట.

"రెండు వారాల్ల పదకొండు సెకండ్లు ఎట్ల తగ్గిస్తవే? పళ్ళికిలిస్తే తగ్గుతయా?"

నవ్వు ఆగిపోయింది. నేను ఆ రోజు గడిలో 'బద్ధకం' అని రాశాను. ఆ సాయంత్రం మా కొడుకు ఆ పక్క వీధిలో మిషన్ క్లాసు ఎన్ని గంటలకో కనుక్కుని వచ్చాడు. పిల్ల వింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి బూట్లు వేసుకుని గడప మీద కూర్చుని ఉంది.

డిసెంబరు 8, శనివారం, పట్నంలో పోటీలు. కొడుకు క్యాబ్‌లో నేను, పిల్ల, ఆయమ్మ, వాచ్‌మన్. వాచ్‌మన్ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఈల మాత్రం విడవకుండా వచ్చాడు. కొడుకు "నేను బండి కాడ్నే ఉంట, నాకేం పని" అన్నాడు. పావుగంటలో కంచె బయట కనిపించాడు.

పదకొండు మంది పిల్లలు. ముగ్గురికి అడుగున మేకులున్న బూట్లు. మా పిల్లకు దూది బూట్లు. ఆయమ్మ ప్రార్థనను ఒక నిమిషంలో ముగించింది. ఆమె జీవితంలో అదే రికార్డు అనుకుంటాను.

మొదటి చుట్టులో మా పిల్ల ఏడోది. నేను కంగారు పడలేదు. దమ్ము దాచుకోవాలని, చివరలోనే విడవాలని నేనే నేర్పాను. రెండో చుట్టులో ఐదోది. చివరి తిన్నని దారిలో నాలుగోది. ఇంకా విడవలేదు. ఇంకా విడవలేదు. గీత వచ్చేసింది. నాలుగోదిగానే దాటింది.

దాటాక విడిచింది.

ముందు దాటిన ముగ్గురూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తున్నారు. మా పిల్ల వాళ్ళ పక్కనుంచి బాణంలా దూసుకుపోయి, వంపు తిరిగి, ఇంకా పోతోంది. సారు వెనకాల ఉరికాడు. వాచ్‌మన్ ఈల ఊదాడు. కంచె బయటి నుంచి నా కొడుకు గొంతు చించుకుంటున్నాడు.

"ఆగు బిడ్డా! అయిపోయింది! ఇగ ఆగే!"

మైదానమంతా నవ్వింది. డెబ్బై ఎనభై మీటర్లు పోయాక ఆగి, చేతులు పైకెత్తింది.

నా గడియారం రెండు నిమిషాల ముప్పై ఎనిమిది చూపించింది. పోటీ నడిపే పెద్దలూ ముప్పై ఎనిమిదే అన్నారు. అరవై ఎనిమిది సార్లు కొలిచినదాన్ని నేను. ఒక్కసారి కూడా రెండు యాభై దాటి కిందికి దిగని పిల్ల, దమ్ము మిగుల్చుకుని మరీ, పదమూడు సెకన్లు ఎలా దిగుతుంది? నేను నేరుగా గడియారాలు పట్టుకున్న తెల్లటోపీ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"సార్, మీ ట్రాకు పొట్టిగున్నది."

"ఇది సర్కారు ట్రాకమ్మా."

"సర్కారుదైతే దానంతటదే పొడుగైతదా? టేపు తెప్పియ్యి."

సారు వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. "పెద్దమ్మా, మన పోరి టైము వచ్చింది! సెలక్షన్లకు పిలుస్తరు! మనమే పొట్టి ట్రాకంటమా?"

"పాల్ల నీళ్ళు కలిస్తే మనోళ్ళవి గూడ కలిసినయ్యే సార్."

మంచి మాట అన్నాననే అనుకున్నాను. శంషాబాదు వచ్చేదాకా.

క్యాబ్‌లో నా కొడుకు అద్దంలో నన్ను చూశాడు. "నువ్వే అన్నవ్ గదమ్మా ట్రాకు పొట్టిదని. పొట్టి ట్రాకు మీద రెండు ముప్పై ఎనిమిదంటే మన వెంచర్ల ఎంతైతది? లెక్క తియ్యి."

తీశాను. పోటీకి ముందు వారమంతా పుస్తకంలో ఒక్కటే అంకె. రెండు యాభై రెండు.

"అందుకే చెప్తున్న. సంతకం పెట్టిన్నా? పెట్టిన. రెండు నలభై లోపట నిజంగ వస్తేనే గద పంపాల్సింది? సోమవారం నుంచి మిషన్ క్లాసు."

వెనక సీటులో పిల్ల బూట్లు విప్పి, దూది తీసి, ఆయమ్మ చేతిలో పెట్టింది. ఆయమ్మ నా వైపు చూసిన చూపు దవాఖానలో చీటీ లేకుండా లోపలికి వచ్చినవాళ్ళను చూసే చూపు.

ఇల్లు చేరేసరికి ఒక్క సంగతి తేల్చుకున్నాను. సర్కారు ట్రాకు పొట్టిదైతే పిల్ల పని అయిపోయింది. పిల్ల నిలవాలంటే నా కొలత తప్పు కావాలి. ఇరవై రెండేళ్ళలో నా కొలత తప్పిందన్న మనిషి లేడు.

మర్నాడు ఆదివారం. ఆరున్నరకు కొడుకును లేపి తీసుకుపోయాను. ఆయమ్మ చర్చికి ముందే వచ్చింది. పిల్ల మా వెనకాల దూరంగా నిలబడింది. వాచ్‌మన్ ప్లాట్లు కొలిచే టేపు తెచ్చాడు. ఒక చివర కొడుకు పట్టుకున్నాడు, ఇంకో చివర వాచ్‌మన్. నేను పుస్తకం పట్టుకున్నాను. ఒకటో రాయి నుంచి మొదలుపెట్టారు. ఐదు ప్లాట్లు, రెండు వందల అడుగులు. అంగుళం తేడా లేదు. నేను కొడుకు వైపు చూశాను. వాచ్‌మన్ టేపును అలాగే ముందుకు లాక్కుపోయాడు.

"ఆగు తమ్మీ. ఆరో ప్లాటు అటున్నది. రోడ్డు మీద ఎందుకు ఏస్తున్నవ్?"

వాచ్‌మన్ రోడ్డు మధ్యలో నిలబడి అమాయకంగా నా వైపు చూశాడు.

"మరి పోరి రోడ్డు మీదికెల్లి ఎగిరి దుంకిందా అక్కా?"

ఒక విమానం దిగింది. ఈసారి నేను నిలబడి చూశాను, చివరిదాకా చూశాను.

ముప్పై అడుగుల రోడ్డు. పొడుగు వైపు ఒకటి, అడ్డం వైపు ఒకటి, అవతలి రెండు వైపులా ఇంకో రెండు. ప్లాట్లన్నీ కలిపాను, వాటి మధ్యలో రోడ్డును మాత్రం కలపలేదు. ఎవరి చేనుకు ఎంత వచ్చింది, ఎవరి ప్లాటు ఎన్ని గజాలు అనే మాటలే పదేళ్ళుగా చెవిన పడుతుంటే, రోడ్డును నేల లెక్కలోకి తీసుకోవడమే మరచిపోయాను. చుట్టుకు నూట ఇరవై అడుగులు. రెండు చుట్లకు రెండు వందల నలభై. అంటే డెబ్బై మూడు మీటర్లు. ఆ పిల్ల నాలుగు నెలలుగా ఎనిమిది వందల డెబ్బై మూడు ఉరుకుతోంది.

కొడుకు టేపు వదిలేసి ఐదో రాయి మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆగి మళ్ళీ నవ్వాడు.

"పాలకేంద్రంల గూడ గిట్లనే కొలిచినవా అమ్మా?"

"డబ్బాల నడుమ రోడ్లుండవురా."

పుస్తకం తీసి ఆగస్టు 15 నాటి పేజీ కింద రాశాను: 'తప్పు నాది. నాలుగు రోడ్లు కలపలేదు. పట్నం ట్రాకు సరైనదే. పిల్ల టైము రెండు నిమిషాల ముప్పై ఎనిమిది.' సంతకం పెట్టి కొడుకుకు ఇచ్చాను. అతను చదివి, నా సంతకం కింద తన సంతకం పెట్టి, పిల్లను పిలిచి పెన్ను ఆమె జేబులో పెట్టాడు.

"హాస్టల్ల రాసుకోను పనికొస్తది."

ఆయమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. ఆ రోజు నేను కొలవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లను అడిగాను. "గీత దాటినంక సారు ఆగుమని మొత్తుకుంటుంటే ఇనబడలేదా?"

"ఇనబడ్డది నానమ్మా."

"మరి?"

"నువ్వు కొలిచిన దాని లెక్కల ఇంకింత ఉండాలె గద. నా కాళ్ళకు ఎరుకే. సారు తప్పు చూసిండనుకున్న. నువ్వయితే తప్పవు గద."

ఇంటికి వచ్చి పుస్తకం ముందేసుకుని, అరవై ఎనిమిది కొలతలనూ నిజమైన ఎనిమిది వందల మీటర్లకు మార్చి రాశాను. మూడు రోజులు పట్టింది. నవంబరు 23, శుక్రవారం దగ్గర ఆగాను. ఆ రోజు రెండు యాభై ఒకటి అంటే అసలు లెక్కలో రెండు నిమిషాల ముప్పై ఏడు. పోటీకి పదిహేను రోజుల ముందే గెలిచి, నవ్వుతూ వచ్చిందన్నమాట.

గడిలో 'బద్ధకం' అని ఉంది. స్కేలు పెట్టి తిన్నగా కొట్టేసి, పక్కన తేదీ వేశాను.